చిట్టికి, వీపు మీది సంచి గురించి

గుంటూరు,
ఆదివారం.

చిరంజీవి చిట్టిని తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా,

ఈ ‘ఏమనగా’ చూసి నవ్వుకుంటావని తెలుసు. ముప్పై ఏడేళ్ళు ఊరందరి ఉత్తరాలూ మోసినవాణ్ణి, నా ఉత్తరమైనా పద్ధతిగా మొదలుపెట్టుకోనివ్వు. ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు ‘సరే తాతయ్యా, సరే తాతయ్యా’ అంటూ సగంలోనే పెట్టేస్తావు.

నిన్న రాత్రి మీ అమ్మమ్మ, అదే మా అక్క, ఫోను చేసింది. వచ్చే వారం నుంచి బస్సు మానేసి, విజయవాడ సత్యనారాయణపురం నుంచి నాగార్జున యూనివర్సిటీకి రోజూ సైకిలు మీదే వెళతానన్నావట. తిడుతోందో పొగుడుతోందో అక్కకే తెలియడం లేదు. నేనూ అంతే. ఫోను పెట్టేశాక పెట్టె అడుగు నుంచి నా పాత ప్యాంటు క్లిప్పులు తీసి చూసుకున్నాను. తుప్పు పట్టినా ఇంకా పట్టు ఉంది.

వీపుకు బ్యాగు ఉంటే గాలి పట్టి వేగం తగ్గుతుందా, తీసి హ్యాండిలుకు తగిలిస్తే మేలా అని కూడా అడిగావట. ఆ రెండో ముక్క విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

చిన్నవి ముందు చెప్పేస్తాను. హెల్మెట్ పెట్టుకో. తెల్లవారుతూనే బయలుదేరు. కృష్ణ దాటేటప్పుడు కనకదుర్గ వారధి మీద కాదు, ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్ళు. లారీ వెనక చేరితే గాలి తగలదు, తొక్కడం తేలిక, నిజమే. ఆ తేలిక నీకు వద్దు. చున్నీ సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది, మళ్ళీ నేనూ చెబుతున్నాను.

ఇక గాలి లెక్క. బ్రాడీపేటలో నా బీటులో ఒక ఫిజిక్సు మాస్టారు ఉండేవారు. మనియార్డరు ఇవ్వడానికి వెళితే మజ్జిగతో పాటు పాఠం కూడా పోసేవారు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు, దాన్ని తోసుకుపోవడానికి కాళ్ళు పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలు. గంటకు పది కిలోమీటర్లతో పోయే నాబోటివాడికి గాలి ఉన్నట్టే తెలియదు. నువ్వు పాతికతో తొక్కితే మాత్రం పడే కష్టంలో సగానికి పైగా గాలికే పోతుంది. అందులోనూ ఎక్కువ వాటా సైకిలుది కాదు, మనిషిది. నిటారుగా కూర్చుంటే ఛాతీ గాలికి మూసిన తలుపు. బ్యాగు ఆ తలుపు చాటున ఉంటుంది. ఛాతీ ఆపేసిన గాలిని బ్యాగు కొత్తగా ఆపేదేముంది? రేసు సైకిలు వాళ్ళలా నడుము వంచి తొక్కితే అది ఎద్దు మూపురంలా పైకి లేచి గాలికి అడ్డం వస్తుంది. నీది మామూలు సైకిలు. బరువంటావా, ల్యాప్‌టాప్, అన్నం డబ్బా, పుస్తకాలు కలిపి అయిదు కిలోలు అనుకో. ఎత్తెక్కేటప్పుడు ప్రతి కిలో లెక్కకు వస్తుంది కానీ నీ దారిలో ఎత్తంటే వంతెనలే. చదునులో ఆ బరువు పెద్దగా తెలియదు. మొత్తం మీద నిమిషమో రెండో పోతాయి. మంగళగిరిలో రోడ్డు దాటడానికి ఆగితే అంతకన్నా ఎక్కువ పోతుంది.

ఈ లెక్క నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది.

1986 వేసవి. మీ అమ్మ అప్పటికి అక్క కడుపులో ఉంది, ఏడో నెల. సీమంతానికి పుట్టింటి గాజులు నేనే తీసుకెళ్ళాలి. పట్నంబజారులో నాలుగు డజన్ల పచ్చ గాజులు కొని, పాత పేపర్లో చుట్టించి, పక్కన అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సీసా ఉంచి, వీపుకు తగిలించుకునే ఖాకీ సంచిలో సర్దాను. బుద్ధిగా బస్సెక్కవచ్చు. కానీ మా ఆఫీసులో నా తోటివాడొకడు విజయవాడకు గంటా నలభై నిమిషాల్లో తొక్కానని గొప్పలు పోయాడు. నేను గంటన్నర అన్నాను. నాకప్పటికి పాతికేళ్ళు నిండలేదు.

మంగళగిరి దాటాక ఎదురుగాలి మొదలైంది. కాళ్ళు బరువెక్కాయి. నింద సంచి మీద వేశాను. ఆగి, వీపు మీంచి తీసి హ్యాండిలుకు కుడివైపు తగిలించాను. తడిసిన చొక్కాకు గాలి తగిలి ఎంత హాయిగా ఉందో! వేగం పెరిగిందనే అనుకున్నాను. వీపు చల్లబడింది, అంతే.

అప్పటికి కనకదుర్గ వారధి లేదు. లారీలన్నీ బ్యారేజీ మీదుగానే పోయేవి. సగం దాటానో లేదో, నీళ్ళ మీంచి పక్కగాలి ఒక్కటి కొట్టింది. సంచి ఊగింది, దానితో పాటు హ్యాండిలూ ఊగింది. సర్దుకుందామని గట్టిగా తిప్పాను. సంచి లోపలికి ఊగి, దాని పట్టీ ముందు చక్రం చువ్వల్లో పడింది. సైకిలు ఆగింది. నేను ఆగలేదు.

లారీవాడు బ్రేకు వేశాడు. లారీ ముందు చక్రం నా చెప్పును తొక్కి ఆగింది. చెప్పులో కాలు లేదు. ఇంతకు మించి ఆ సంగతి రాయలేను.

రెయిలింగు పక్కన కూర్చుని సంచి విప్పాను. గోంగూరలో గాజు ముక్కలు. ఏవి సీసావో ఏవి గాజులవో తెలియలేదు. వేళ్ళు తెగుతున్నా ఒక్కొక్కటే ఏరాను. నలభై ఎనిమిదిలో ఏడు మిగిలాయి. సీమంతానికి పగిలిన గాజులు పట్టుకెళ్ళినవాడు మన వంశంలో నేనొక్కణ్ణే.

అక్క తన అత్తగారి ముందు ఏమీ అనలేదు. వంటింట్లోకి తీసుకెళ్ళి, మోకాలికి పసుపు అద్దుతూ చెంప మీద ఒక్కటిచ్చింది. తరువాత ఆ ఏడు గాజులనూ కడిగి, బజారు నుంచి తెప్పించిన వాటితో కలిపి వేసుకుంది. పచ్చడి వాసన పోలేదు. పేరంటాళ్ళు అడిగితే కడుపుతో ఉన్నదాన్ని, గోంగూర మీదికే మనసు పోతోందని చెప్పిందట.

మీ అమ్మ పుట్టేదాకా రెండు నెలలు నేను పడ్డ బెంగ ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే టపా కట్టలు విప్పేటప్పుడు నా పేరుతో చెడు కబురు ఏదైనా వచ్చిందేమోనని చేతులు వణికేవి. చివరికి వచ్చింది కార్డు. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. నా కార్డు నేనే బట్వాడా చేసుకున్నాను.

కాబట్టి హ్యాండిలు మాట ఎత్తకు. క్యారియరుకు కట్టినా తప్పులేదు కానీ గతుకుల్లో ల్యాప్‌టాప్ అదురుతుంది. దాన్ని వీపుకు ఆనేలా పెట్టి, బరువైనవి అడుగున సర్దు. నీళ్ళ సీసా సైకిలు కడ్డీకే ఉండాలి. ఛాతీ దగ్గరి పట్టీ బిగించుకో, లేకపోతే లేచి తొక్కినప్పుడల్లా బ్యాగు ఇటూ అటూ దొర్లుతుంది. వీపు ఎలాగూ తడుస్తుంది, ఇంకో చొక్కా దగ్గర ఉంచుకో. బ్యాగు వేసుకున్నాక తల తిప్పితే వెనక రోడ్డు కనిపిస్తుందా లేదా, ఇంటి ముందే నాలుగు చుట్లు తొక్కి చూసుకో. దాన్ని మాత్రం రోడ్డెక్కాక నేర్చుకోకు.

బ్యాగు బిగించాక పట్టీల కొసలు జానెడు మిగిలి వేలాడుతుంటాయి. కుట్టిన కంపెనీకి అవి ఎందుకో తెలుసేమో, నాకు తెలియదు. పాత ట్యూబును ఉంగరాల్లా కోసి నాలుగు ముక్కలు ఈ కవరులోనే పెట్టాను. భుజం పట్టీలకు రెండు, నడుము పట్టీకి ఒకటి. కొసలు మడిచి వాటిలో దోపు. నాలుగోది కుడికాలి పైజామాకు, గొలుసు వైపు. క్లిప్పులు పంపుదామనుకున్నాను కానీ అవి ఇవ్వడానికి మనసొప్పలేదు.

ఇట్లు,
తాతయ్య