సిటిజన్‌షిప్ అడగరన్నంత మాత్రాన: అమెరికాలో ఫార్మసిస్టు కాబోతున్న మేనకోడలికి

హన్మకొండ

బిడ్డా,

న్యూజెర్సీలో ఫార్మసిస్టు లైసెన్సుకు అప్లై చేయబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కడుపు నిండినట్టయింది. ఎంజీఎం ఆసుపత్రి ఎదురుగా మందుల దుకాణంలో నిలబడి డాక్టరు చీటీ మీది పేర్లు కూడబలుక్కుని చదివిన పిల్లవు. ఆరేళ్లు కష్టపడి ఫార్మ్‌డీ చదివి, పెళ్లయి పోయి అక్కడ ఉత్తగ కూర్చోవడం నీకే కాదు, మా ఎవరికీ మింగుడు పడలేదు. కానీ నువ్వు ఇంకో మాట కూడా అన్నావట: "ఇప్పుడక్కడ సిటిజన్‌షిప్ అడగరమ్మా, ఇంక ఏ అడ్డమూ లేదు" అని. మొదటి సగం నిజం. రెండో సగం విన్నప్పటి నుంచి నాకు నిమ్మళం లేదు.

ముందు నిజమైన సగం చెప్తా. ఒకప్పుడు ఆ దేశంలో చాలా వృత్తులకు పౌరసత్వం ఉంటే తప్ప లైసెన్సు ఇచ్చేవారు కాదు. 1973లో గ్రిఫిత్స్ కేసులో సుప్రీంకోర్టు కనెక్టికట్ లాయర్ల మీదున్న ఆ నిబంధన కొట్టేసింది. 1976లో ప్యూర్టోరికో సివిల్ ఇంజినీర్లది, 1984లో టెక్సస్ నోటరీలది పోయాయి. అయితే ఆ కేసులు ప్రధానంగా అక్కడ శాశ్వతంగా స్థిరపడ్డవాళ్లవి. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల సంగతి తేలనే లేదు. మన ఫార్మసీవాళ్లకు సంబంధించిన తీర్పు 2012లో వచ్చింది: దండమూడి వర్సెస్ టిష్. అప్పటి న్యూయార్క్ చట్టం ప్రకారం ఫార్మసిస్టు అంటే పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయి ఉండాల్సి వచ్చేది. మినహాయింపు మీద లైసెన్సులిచ్చి, ఆ మినహాయింపు గడువు తీరాక, ఏళ్ల తరబడి అదే కౌంటర్లో పనిచేస్తున్నవాళ్లను ఆపబోయారు. హెచ్-1బీ, టీఎన్ అనే తాత్కాలిక ఉద్యోగ వీసాల మీదున్న ఫార్మసిస్టులు కోర్టుకెక్కారు. చట్టబద్ధంగా వచ్చి పనిచేసుకుంటున్నవాళ్ల మీద అలాంటి వివక్ష చెల్లదని రెండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. కేసు పేరులో తెలుగు ఇంటిపేరు కనబడితే మనకు గర్వమే కదా. చదివి పెట్టుకో.

కానీ ఆ తీర్పు నడిచేది న్యూయార్క్, కనెక్టికట్, వెర్మాంట్ రాష్ట్రాల్లోనే. లూసియానాలో తాత్కాలిక వీసా మీదున్న ఒక నర్సు ఇదే వాదన వినిపిస్తే ఐదో సర్క్యూట్ 2011లో ఒప్పుకోలేదు. లూసియానా, మిసిసిపీ, టెక్సస్ ఆ కోర్టు కిందివి. రెండు కోర్టులు రెండు మాటలన్నాయి. అందుకే "అమెరికాలో సిటిజన్‌షిప్ అడగరు" అనే వాక్యానికి అర్థం లేదు, ఏ రాష్ట్రం, ఏ బోర్డు అని అడగాలి.

దీని పైన 1996 నాటి ఫెడరల్ చట్టం ఒకటుంది. వృత్తి లైసెన్సును కూడా అది ప్రభుత్వమిచ్చే ప్రయోజనం కిందే లెక్కగట్టి, ఎవరికి ఇవ్వొచ్చో గీత గీసింది. నీలాగా హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికిచ్చే) వీసా మీద సక్రమంగా ఉన్నవాళ్లను ఆ చట్టం ఆపదు. ఆగేది ప్రధానంగా కాయితాలు లేనివాళ్లే, వాళ్లకు కూడా ఇవ్వాలనుకుంటే రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేసుకోవాలి. కాలిఫోర్నియా 2014లో చేసింది, సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే పన్ను నంబరు ఐటీఐఎన్ తీసుకుంటారు. నెవాడా 2019లో, మీ న్యూజెర్సీ 2020 సెప్టెంబర్‌లో, కొలరాడో 2021లో చేశాయి. న్యూజెర్సీ చట్టం వల్ల నీకు లాభమేమిటంటే, లైసెన్సు దశలో నీ వీసా గురించి బోర్డు అడ్డం పడదు. అంతవరకే.

అల్లుణ్ని కంపెనీ అట్లాంటాకు మార్చవచ్చని కూడా మీ అమ్మ అన్నది. అక్కడ లెక్క వేరు. జార్జియాలో లైసెన్సు కోరేవాళ్లు చట్టబద్ధంగా ఉంటున్నట్టు అఫిడవిట్ ఇవ్వాలి. అందులో మూడు వరుసలుంటాయి: పౌరుణ్ని, శాశ్వత నివాసిని, చట్టం ప్రకారం అర్హత ఉన్న విదేశీయుణ్ని లేక నాన్-ఇమిగ్రెంటును. నీది మూడోది. దాన్ని సేవ్ అనే ఫెడరల్ వ్యవస్థలో సరిపోలుస్తారు. పేరులో అక్షరం తేడా ఉన్నా ఫైలు ఆగవచ్చు. కాబట్టి ఏ రాష్ట్రమో తేలకముందే రాష్ట్రం పరీక్షలకు డబ్బు కట్టకు.

ఇప్పుడు అబద్ధమైన సగం. లైసెన్సు వేరు, పనిచేసే అనుమతి వేరు. నీ చేతిలో న్యూజెర్సీ లైసెన్సు ఉన్నా, హెచ్-4 మీద పని అనుమతి కార్డు (ఈఏడీ) లేకపోతే కౌంటర్ వెనక ఒక్క గంట నిలబడకూడదు. ఆ కార్డు రావాలంటే అల్లుడి కోసం కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్ (ఐ-140) ఆమోదం పొంది ఉండాలి, లేకపోతే అతని హెచ్-1బీ ఆరేళ్లు దాటిన పొడిగింపులో ఉండాలి. ఎక్కువమంది ఆగమయ్యేది ఇంటర్న్‌షిప్ గంటల దగ్గర. కాలిఫోర్నియాలో అవి 1,500, మీ రాష్ట్రం లెక్క బోర్డు నుంచే తీసుకో. "జీతం తీసుకోను కదా, గంటలు మాత్రమే రాయించుకుంటా" అనుకుని తెలిసినవాళ్ల దుకాణంలో మొదలుపెడతారు. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేసినా అనుమతి లేని ఉద్యోగం కిందికే రావచ్చు. ఆ గంటలు బోర్డు ఫైలులో తేదీలతో సహా శాశ్వతంగా ఉంటాయి. రేపు గ్రీన్‌కార్డు ఫారంలో "అనుమతి లేకుండా ఎప్పుడైనా పనిచేశారా" అని అడిగిన రోజున ఆ కాయితమే నీకు ఎదురు నిలబడుతుంది. ఈఏడీ చేతికొచ్చాకే మొదటి గంట. గడువుకు 180 రోజుల ముందే రెన్యువల్ వేసుకోవచ్చు, ఆ రోజునే వెయ్యి. 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కు పాత కార్డు గడువు దానంతట అదే పెరిగే సౌకర్యం తీసేశారు. కొత్త కార్డు రాకముందు పాతది ముగిసిపోతే ఆ రోజు నుంచే పని ఆపాలి.

ఇక నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని ముచ్చట. ఇది చాలా పాత తప్పు. చదువుకున్నవాళ్లే చేస్తారు, తొందరలో ఉన్నవాళ్లే చేస్తారు.

పౌరసత్వ నిబంధన పోయినంత మాత్రాన ఫారంలోని ప్రశ్న పోదు. "మీరు అమెరికా పౌరులా" అనే గడి చాలాచోట్ల అట్లనే ఉంటుంది, కొన్నిచోట్ల లెక్కల కోసం, కొన్నిచోట్ల పాత ఫారం మార్చక. ఎట్లాగూ అవసరం లేని ప్రశ్నే కదా అని నిర్లక్ష్యంగా "అవును" దగ్గర టిక్కు పడుతుంది. లేదా ముందే సిటిజన్ అయిన స్నేహితురాలు నింపిన ఫారం చూసి వరుసగా దించుతారు. లేదా కన్సల్టెన్సీ మనిషి ఆన్‌లైన్‌లో నింపి "సంతకం పెట్టమ్మా" అంటే పెట్టేస్తారు. ఉద్యోగంలో చేరిన రోజు, పని అర్హత చూసేందుకు ఇచ్చే ఐ-9 ఫారంలోనూ అంతే. అందులో నాలుగు గడులుంటాయి. మొదటిది పౌరులది. రెండోది పౌరులు కాని నేషనల్స్‌ది, అది అమెరికన్ సమోవా వంటి చోట పుట్టినవాళ్ల కోసం, ఇండియన్ నేషనల్ అనుకుని దాని జోలికి పోకు. మూడోది గ్రీన్‌కార్డు వాళ్లది. నీది నాలుగోది, పని అనుమతి ఉన్న విదేశీయులది. పక్కన ఈఏడీ గడువు తేదీ వెయ్యాలి.

ఒక్క టిక్కుకు ఏమవుతుందో విను. 1996 సెప్టెంబర్ 30 నుంచి ఫెడరల్ చట్టం కిందైనా, రాష్ట్ర చట్టం కిందైనా, ఏ ప్రయోజనం కోసమైనా పౌరుణ్నని తప్పుగా చెప్పుకున్నవాళ్లకు గ్రీన్‌కార్డు దారి మూసుకుపోతుంది. రాష్ట్ర చట్టం కింద అన్న మాట గమనించు, లైసెన్సు దరఖాస్తు సరిగ్గా అందులోకే వస్తుంది. వీసా మోసాలకు సైతం కొన్ని సందర్భాల్లో క్షమాపణ దరఖాస్తు ఉంది. గ్రీన్‌కార్డు కోరేవాళ్లకు దీనికి అలాంటిది లేదు. ఇన్నేళ్ల తర్వాత పోతుందనే గడువూ లేదు. ఉన్న మినహాయింపు చాలా చిన్నది: తల్లిదండ్రులిద్దరూ అమెరికా పౌరులై, పదహారేళ్లలోపే అక్కడ శాశ్వతంగా ఉండి, తానూ పౌరుణ్నేనని సహేతుకంగా నమ్మినవాళ్లకు. అది నీకు వర్తించదు. దేశం నుంచి పంపించే కారణాల్లోనూ ఇదొకటి. అక్కడ, తెలిసి చేసినట్టు ప్రభుత్వం రుజువు చేయనక్కర్లేదని ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2019లో జాంగ్ కేసులో చెప్పింది. "చూసుకోలేదు సార్" అన్న మాటకు అక్కడ విలువ తక్కువ బిడ్డా.

ఇదెప్పుడు బయటపడుతుందో తెలుసా? అప్పుడే కాదు. లైసెన్సు వస్తుంది, ఉద్యోగం వస్తుంది, ఇల్లు కొంటారు, పిల్లలు బడికి పోతారు. మనవాళ్లకు గ్రీన్‌కార్డు వరుస ఎంత పొడుగో నీకు తెలుసు. అంతకాలం ఆగి, చివరి ఇంటర్వ్యూలో అధికారి పాత ఫారం తీసి ముందు పెడతాడు. అందుకే మీద మీద చెప్తున్నా, కోపం తెచ్చుకోకు. ఫారం నువ్వే నింపు. అల్లుడికి కూడా ఇవ్వకు. అతను మంచివాడే, కానీ సంతకం నీది. "పౌరులు" అన్న మాట ఎక్కడ కనబడ్డా చెయ్యి ఆపి ఆ వరుస రెండుసార్లు చదువు. నీకు సరిపోయే గడి లేకపోతే ఏదో ఒకటి ఎంచుకోవద్దు, బోర్డుకు మెయిల్ రాసి, జవాబు వచ్చాకే ముందుకు పో. పంపిన ప్రతి ఫారం కాపీ తేదీతో దాచుకో.

డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్లో ఓటరు నమోదు కూడా కలిపి అడుగుతారు. వద్దని చెప్పి, వద్దన్నట్టు స్క్రీన్ మీద కనబడిందో లేదో చూడు. ఓటరు కార్డు పొరపాటున ఇంటికొచ్చినా ఓటు వేయవద్దు, అది ఇంకో పెద్ద నేరం. ఒకవేళ ఏదైనా ఫారంలో తప్పు టిక్కు ఇప్పటికే పడి ఉంటే ఇవాళే చెప్పు. ఎవరూ అడగకముందే, నీ అంతట నువ్వు, ఇమిగ్రేషన్ లాయరును పెట్టుకుని రాతపూర్వకంగా సరిదిద్దుకుంటే కొంత ఆశ ఉంటుంది. వాళ్లు పట్టుకున్నాక సరిదిద్దుకుంటే లెక్కలోకి రాదు. భయపడి దాచుకోవద్దు, నేను తిట్టను.

మిగిలినవి నీకు తెలిసినవే. ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం ఎన్‌ఏబీపీ కోసం చదువు పరిశీలన, ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్, విదేశాల్లో ఫార్మసీ చదివినవాళ్లకు పెట్టే ఎఫ్‌పీజీఈఈ పరీక్ష, వాటి మీద వచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్, ఇంటర్న్ గంటలు, లైసెన్సు పరీక్ష నాప్లెక్స్, రాష్ట్ర చట్టాల పరీక్ష ఎంపీజేఈ. టోఫెల్‌లో చాలామంది ఆగిపోయేది స్పీకింగ్ దగ్గర, దానికి రోజూ గట్టిగా మాట్లాడు. 2003 జనవరి 1 తర్వాత పట్టా పొందినవాళ్లకు కనీసం ఐదేళ్ల కోర్సు ఉండాలి. నీ ఫార్మ్‌డీకి ఇబ్బంది లేదు. నాలుగేళ్ల బీఫార్మసీ చేసిన మీ చిన్నత్త కూతురు నిన్ను చూసి డబ్బు కట్టకముందే ఈ సంగతి చెప్పు. మాజీ సైనికుల కోసం నడిపే వీఏ ఆసుపత్రుల మీద ఆశ పెట్టుకోకు. అవి ఫెడరల్ ప్రభుత్వానివి, అర్హులైన పౌరులు దొరకనప్పుడే ఇతరులను తీసుకుంటాయి. రాష్ట్రం నిబంధన ఎత్తేసినా వాటికి సంబంధం లేదు.

పేరు సంగతి మాత్రం ఇప్పుడే చూడు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, పెళ్లి తర్వాత చేసిన కాయితాల్లో అల్లుడి ఇంటిపేరు. ఈ మూడూ మూడు మనుషుల్లా కనబడతాయి వాళ్లకు. పాస్‌పోర్టులో ఎట్లా ఉందో అట్లనే అన్ని దరఖాస్తుల్లో రాయి. మెమోల తేడాకు ఒక అఫిడవిట్, మ్యారేజ్ సర్టిఫికెట్ జతచెయ్యి. తెలంగాణ ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందా? అది తప్పిపోయి ఉంటే ముందు దాన్ని సరిచేయించాలి, నమోదు రుజువు వాళ్లు అడుగుతారు.

కాకతీయ యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి ట్రాన్స్‌క్రిప్టులు సీల్ కవర్లో పోవాలి. దానికి నువ్వు రానక్కర్లేదు. నా పేరు మీద ఆథరైజేషన్ లెటర్, పాస్‌పోర్టు కాపీ, అన్ని సంవత్సరాల మార్కుల మెమోలు, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) స్కాన్ చేసి పంపు. ఎవరి చిరునామాకు పోవాలో, రిఫరెన్స్ నంబరు ఏమిటో స్పష్టంగా రాయి. నేను పోయి నిలబడి చేయిస్తా. బోర్డు ఫారం నింపాక, సబ్మిట్ నొక్కకముందు, ప్రతి పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. పైలం బిడ్డా.

మీ మామ