నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఒకప్పుడు జూ ఉండేదని పెద్దవాళ్లు అంటారు, నిజమేనా?

నిజమే. ఇప్పుడు బహదూర్‌పురాలో ఉన్న నెహ్రూ జూ 1963లో మొదలైంది. అంతకుముందు నగరంలో జంతువులను చూడాలంటే ఈ తోటకే వచ్చేవారు. పాతబస్తీ పెద్దలు దీన్ని ఇప్పటికీ బాగే ఆమ్ అనే అంటారు.

జూ ఒక్కటే కాదు, ఏటా జనవరిలో మొదలయ్యే ఎగ్జిబిషన్, నుమాయిష్ పుట్టింది కూడా ఇక్కడే. 1938లో ఏడో నిజాం కాలంలో చిన్నగా మొదలై, జనం పెరిగి చోటు చాలక 1946లో దగ్గర్లోని ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. హైదరాబాదీలు ఏటా ఎదురుచూసే ఆ సంబరానికి మూలం ఈ పచ్చికే అని చాలామందికి తెలియదు, తెలియాలి.

లోపల తప్పకుండా చూడాల్సింది స్టేట్ మ్యూజియం. 1930లో ప్రారంభమైంది. అక్కడి ఈజిప్టు మమ్మీ ఒక యువతిది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడో నిజాంకు ఇచ్చారు. ముఖం, పాదాల వేళ్లు బట్టలోంచి కొద్దిగా బయటికి కనిపిస్తాయి. స్కూల్ పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి మరీ చూస్తారు.

తోటను ఆనుకుని తెల్లగా మెరిసే పాత అసెంబ్లీ భవనం 1913లో టౌన్ హాల్‌గా పూర్తయింది. ఆరో నిజాం నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా జనం చందాలు వేసుకుని కట్టించారు. నా మటుకు ఈ ఆవరణలో అన్నిటికంటే గొప్ప విషయం అదే. జూబిలీ హాల్, షాహీ మసీదు, బాలభవన్, లలిత కళా తోరణం కూడా ఇక్కడే ఉన్నాయి. తీరిగ్గా చూడాలంటే సగం రోజు పెట్టుకోండి.