చైన్‌సా ఇంజనుకు ఇంట్లోనే బలం పెంచవచ్చా?

మీ దగ్గర 58 సీసీ చైన్‌సా, దానికి 22 అంగుళాల బారు (చైను చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) ఉన్నాయని, ఎండిన తుమ్మ మొద్దుల్లో అది ముందుకు సాగడం లేదని, అందువల్ల సైలెన్సర్‌కు రంధ్రాలు వేసి, సిలిండర్ పోర్టులను, అంటే లోపలికి మిశ్రమం వచ్చే, బయటికి పొగ పోయే రంధ్రాలను, గ్రైండర్‌తో వెడల్పు చేయాలనుకుంటున్నారని రాశారు. సరుగుడు, జామాయిల్ కోతలో ఇలాంటి మిషన్లను చాలాకాలంగా వాడుతూ, మరమ్మతు కూడా చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను. సైలెన్సర్ పని జాగ్రత్తగా ఇంట్లోనే చేసుకోవచ్చు. పోర్టుల పని మాత్రం వద్దు. అయితే ఈ రెండింటికంటే ముందు చైనును చూడాలి.

బలం చాలడం లేదంటూ నా దగ్గరికి తెచ్చే మిషన్లలో చాలావాటికి ఇంజనులో ఏ లోపమూ ఉండదు. కోసేటప్పుడు పేళ్లు రాలుతున్నాయా, పిండిలాంటి పొట్టు వస్తోందా గమనించండి. పిండి వస్తుంటే పళ్లు మొండిబారినట్టే, అప్పుడు ఇంజనుకు ఎంత బలం పెంచినా అది రాపిడికే పోతుంది. 0.325 అంగుళాల పిచ్ (చైను లింకుల మధ్య దూరాన్ని తెలిపే కొలత) ఉన్న చైనుకు 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి వాడి, ప్రతి పన్నునూ 30 డిగ్రీల కోణంలో, అన్నీ ఒకే పొడవుకు వచ్చేలా సానపట్టాలి. పన్ను ముందుండే రేకర్ పంటి అంచు కంటే సుమారు 0.65 మి.మీ. కిందికి ఉంటే చాలు. తుమ్మ వంటి గట్టి కలపకు అంతకన్నా దించితే చైను ఎగిరిపడుతుంది, చేతుల మీదికి తన్నే ప్రమాదమూ పెరుగుతుంది. ఆ ఇంజనుకు 22 అంగుళాల బారు కూడా బరువే. మీ మొద్దులు మరీ లావు కాకపోతే 18 అంగుళాల బారు, దానికి సరిపడే చైను వేసి చూడండి, తేడా మొదటి కోతలోనే తెలుస్తుంది.

ఇక సైలెన్సర్ సంగతి. చాలా మిషన్లలో పొగ బయటికి పోయే దారి ఇరుకుగా ఉంటుంది కనుక, దాన్ని కొంత పెంచితే ఇంజను తేలికగా తిరుగుతుంది. కానీ బయటికి పోయే దారి పెరిగితే లోపలికి వచ్చే గాలి కూడా పెరిగి, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్‌కు, బేరింగులకు నూనె అందేది ఆ పెట్రోలుతోనే, లోపలి వేడి కొంత తగ్గేదీ దానితోనే. కనుక సైలెన్సర్ తెరిచి కార్బొరేటర్‌ను సరిచేయకుండా వదిలేస్తే మిషన్ మొదట్లో అద్భుతంగా అరుస్తుంది, తర్వాత ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ గీతలు పడి పట్టేస్తుంది. మీ కార్బొరేటర్‌కు హెచ్ స్క్రూ (పూర్తి వేగంలో పెట్రోలు పాలును సరిచేసే మర) లేకపోతే, అంటే జెట్ మార్చలేనిదైతే, సైలెన్సర్ జోలికి వెళ్లకండి.

స్క్రూ ఉంటే సైలెన్సర్‌ను విప్పి విడిగా పెట్టి రంధ్రం చేయండి, ఇంజనుకు బిగించి ఉండగా చేస్తే ఇనుప రజను సిలిండర్‌లోకి జారుతుంది. మొత్తం దారి ఎగ్జాస్ట్ పోర్టు వైశాల్యంలో 70-80 శాతం మించకూడదు. కొత్త రంధ్రం ప్లాస్టిక్ భాగాల వైపు, చేతుల వైపు ఉండకూడదు. నిప్పురవ్వలను ఆపే జాలీని మాత్రం తీసేయవద్దు, ఎండాకాలంలో జామాయిల్ ఆకు ఎంత తేలికగా అంటుకుంటుందో తోటల్లో పనిచేసేవారికి చెప్పనక్కరలేదు. శబ్దం బాగా పెరుగుతుంది కనుక చెవులకు రక్షణ తప్పనిసరి.

తర్వాత హెచ్ స్క్రూను కొద్దికొద్దిగా విప్పుతూ, ఇంజను వేడెక్కాక, కోత లేకుండా ఒక్క క్షణం పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చి వినండి. శబ్దం కొంచెం తడబడుతూ బుడబుడమనాలి, చైను కలపలోకి దిగగానే ఆ తడబాటు పోయి శుభ్రంగా పలకాలి. ఖాళీగా ఉన్నప్పుడే సన్నగా, కీచుగా అరిస్తే పెట్రోలు చాలడం లేదని అర్థం. కొన్ని మిషన్లలో వేగాన్ని ఆపే కాయిల్ ఉంటుంది, అది వేగం మించకుండా ప్లగ్గు రవ్వను ఆపేటప్పుడు వచ్చే శబ్దం కూడా ఆ తడబాటు లాగే ఉండి మోసం చేస్తుంది. అందుకని టాకోమీటర్‌తో (ఇంజను వేగం కొలిచే పరికరం) చూసి, మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠ వేగానికి కొంచెం తక్కువలో ఆపడం క్షేమం. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు కూడా మిశ్రమాన్ని ఆ పెట్రోలు చాలని వైపుకే నెడుతుంది, పైగా నిల్వ ఉంటే తేమను పీలుస్తుంది. నూనె కలిపిన పెట్రోలును నేను ట్యాంకులో వదిలేయను. నూనె డబ్బా మీద 50:1 అని ఉంటే లీటరుకు 20 మి.లీ., 25:1 అని ఉంటే 40 మి.లీ. కలపాలి, నూనె తగ్గిస్తే బలం వస్తుందనే మాట నమ్మకండి.

పోర్టుల విషయంలో నా అభ్యంతరం ఇది. సిలిండర్ లోపలి గోడకు సన్నని గట్టి పూత ఉంటుంది, గ్రైండర్ ఒక్కసారి జారితే అది పెచ్చులూడుతుంది. ఎగ్జాస్ట్ పోర్టు మరీ వెడల్పైతే పిస్టన్ రింగు అందులోకి ఉబ్బి అంచుకు తగిలి విరుగుతుంది. సిలిండర్ కింది గాస్కెట్ తీసి కంప్రెషన్ పెంచమని కూడా కొందరు సలహా ఇస్తారు. అలా చేస్తే సిలిండర్ దిగి ఎగ్జాస్ట్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, పైన పిస్టన్‌కు, హెడ్‌కు మధ్య సందు కూడా తగ్గుతుంది. ప్లగ్గు రంధ్రంలోంచి టంకం తీగను సిలిండర్ గోడ దాకా దూర్చి, ఇంజనును చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన చోట మందం వెర్నియర్‌తో కొలిస్తే ఆ సందు తెలుస్తుంది. గాస్కెట్ మందం పోగా మిగిలేది 0.5 మి.మీ. కంటే తక్కువైతే ఆ ఆలోచన మానుకోండి.