అయోవాలో చిన్న కాలేజీ సీటు, బ్రాంచ్ ఏంటని అడిగే చుట్టాలు

అన్నయ్యగారూ, మీ అమ్మాయికి అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ కాలేజీలో సీటొచ్చిందని, చుట్టాలంతా అదెక్కడుంది బ్రాంచ్ ఏంటి అని ప్రాణం తీస్తున్నారని రాశారు కదా, చదివి నవ్వొచ్చింది నాకు, ఎందుకంటే 2014లో మా ఆడపడుచు కూతురు విషయంలో మా ఇంట్లోనూ అచ్చంగా ఇదే గొడవ. మేముండేది అయోవా రాజధాని డెమోయిన్, గ్రిన్నెల్‌కి గంట కూడా పట్టదు. మా పిల్ల చదివింది గ్రిన్నెల్ కాదు, అలాంటిదే ఇంకో చిన్న కాలేజీ, పేరు చెప్పను, కొన్ని తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

ముందు చుట్టాల నోరు మూయించడానికి రెండు ముక్కలు. గ్రిన్నెల్ 1846లో పెట్టింది, ఇంటెల్ పెట్టిన ఇద్దరిలో ఒకాయన రాబర్ట్ నాయిస్ అక్కడే 1949లో డిగ్రీ చేశాడు (పార్టీ కోసం పక్క రైతు పందిని ఎత్తుకొచ్చి ఒక సెమిస్టర్ సస్పెండ్ కూడా అయ్యాడు లెండి). కెమిస్ట్రీ నోబెల్ తీసుకున్న థామస్ చెక్ 1970 బ్యాచ్. మొత్తం పిల్లలు 1,700 మంది చిల్లర, మన కార్పొరేట్ ఇంటర్ కాలేజీలు ఒక్క ఊళ్ళోనే అంతకంటే ఎక్కువమందిని చేర్చుకుంటాయి. పీజీ లేదు, పీహెచ్‌డీ లేదు, అంటే ప్రొఫెసర్లకి డిగ్రీ పిల్లలే పని. ల్యాబ్‌లో చేతులు పెట్టేది కూడా వీళ్ళే, అందుకే ఇలాంటి కాలేజీల్లోంచి పీహెచ్‌డీలకి వెళ్ళేవాళ్ళు సైజుతో పోలిస్తే చాలా ఎక్కువ.

బ్రాంచ్ సంగతి అంటారా, చేరేటప్పుడు బ్రాంచే ఉండదు. రెండో ఏడాది చివర్లో మేజర్ (అంటే ముఖ్యంగా చదివే సబ్జెక్టు) డిక్లేర్ చెయ్యాలి, అప్పటిదాకా ఎకనామిక్స్ పక్కన పాటరీ, కంప్యూటర్ సైన్స్ పక్కన జపనీస్ ఏదైనా తీసుకోవచ్చు. గ్రిన్నెల్‌లో అయితే అందరికీ కంపల్సరీ అనేది మొదటి సెమిస్టర్ ట్యుటోరియల్ ఒక్కటే. మనవాళ్ళకి ఇది వినగానే గుండె జారుతుంది కానీ, ఎంసెట్ ర్యాంకుని బట్టి ఏ బ్రాంచ్ దొరికితే దాంట్లో పడెయ్యడం కంటే నయమే అని నా అభిప్రాయం.

క్లాసులో పది పదిహేనుమందే ఉంటారు. దీంట్లో సుఖమూ ఉంది కష్టమూ ఉంది. మా పిల్లకి మొదటి సెమిస్టర్‌లో సగంలో ఒక నోట్ ఇచ్చారు, పేపర్లు బాగా రాస్తోంది కానీ నోరు విప్పట్లేదు, మాట్లాడటానికి కూడా మార్కులున్నాయి అని. మనకేమో సార్ చెప్తుంటే మధ్యలో మాట్లాడితే పొగరు కింద లెక్క. పాపం ఆ రోజు ఫోన్ చేసి ఏడ్చింది, అత్తా, వాళ్ళు పుస్తకం చదవకుండానే మాట్లాడేస్తున్నారు, నేను మొత్తం చదివి కూడా మాట్లాడలేకపోతున్నా అని. తర్వాత ఒక చిట్కా కనిపెట్టింది, ముందురాత్రే రెండు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళి క్లాసు మొదలైన పది నిమిషాల్లోపు ఒకటి అడిగెయ్యడం. లేటయ్యేకొద్దీ భయం పెరుగుతుందంట. ఇంకోసారి జ్వరమొచ్చి రెండు క్లాసులు పోతే ప్రొఫెసర్ స్వయంగా ఈమెయిల్ పెట్టాడు, ఎలా ఉన్నావ్, ఏమన్నా కావాలా అని. సెమిస్టర్ చివర్లో క్లాసు మొత్తాన్ని ఇంటికి పిలిచి ఆయనే వండిపెట్టాడు. నన్ను పేరు పెట్టి పిలువమ్మా అంటే ఇది నాలుగేళ్ళూ ఏ పేరూ పెట్టకుండా నెట్టుకొచ్చింది.

కష్టం ఎక్కడంటే సెలవుల్లో. డిసెంబర్‌లో డైనింగ్ హాల్ మూస్తారు, అమెరికన్ పిల్లలందరూ ఇళ్ళకి పోతారు, బయట మంచు, చుట్టూ కోసేసిన మొక్కజొన్న చేలు తప్ప ఏం కనపడవు, కారు లేకపోతే బందీయే. మేం ఐ-80 హైవే మీద వెళ్ళి పిల్లని తెచ్చుకునేవాళ్ళం, కారెక్కగానే పప్పుచారు ఉందా అని అడిగేది.

ఇంక అసలు విషయం, డబ్బు. ఇలాంటి కాలేజీల్లో అన్నీ కలిపి ఏడాదికి 80,000 డాలర్లు దాటుతుంది, ఎయిడ్ (కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం) లేకపోతే ఇల్లమ్మి పంపొద్దని నేను మొహమాటం లేకుండా చెప్తా. ఆమ్హర్స్ట్, బోడన్ లాంటి కొన్ని కాలేజీలు మాత్రం బయటి దేశాల పిల్లలకి కూడా డబ్బు అడిగారా లేదా అని చూడకుండా సీటిస్తాయి, మిగతా చోట్ల చాలావరకు చూస్తారు. అప్లికేషన్‌లోనే ఎయిడ్ అడక్కపోతే చేరాక అడిగినా ఇవ్వనివి బోలెడు. మీకొచ్చిన లెటర్‌లో హెల్త్ ఇన్సూరెన్స్, విమానం ఛార్జీ ఉన్నాయా, అందులో లోన్ ఎంత, క్యాంపస్ పని మీద వచ్చేదెంత అని విడదీసి చూడండి. ఇంకోటి ఎవరూ చెప్పరు: ట్యూషన్ ఫీజు దాటి హాస్టలుకీ తిండికీ ఇచ్చే స్కాలర్‌షిప్ మీద టాక్స్ ఉంటుంది, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళకి 14 శాతం ముందే పట్టుకుంటారు. ఇండియా నుంచి వచ్చిన స్టూడెంట్స్‌కి రెండు దేశాల టాక్స్ ట్రీటీ వల్ల స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, రిటర్న్ వేసేటప్పుడు అది మర్చిపోవద్దని చెప్పండి, మా పిల్ల మొదటి ఏడాది మర్చిపోయింది.

ఉద్యోగాల దగ్గరికొద్దాం. కాలేజీ సైట్ మీద డిగ్రీ అయ్యాక తొంభై పైచిలుకు శాతం మంది ఉద్యోగంలోనో పైచదువులోనో ఉన్నారని పెద్దక్షరాలతో వేస్తారు, అందరూ వేస్తారు. అది అబద్ధం కాదు గానీ అందులో ఎంతమంది జవాబిచ్చారు, వాళ్ళలో వీసా కావాల్సిన పిల్లలు ఎంతమంది అనేది మీ అమ్మాయి విడిగా ఈమెయిల్ పెట్టి అడగాలి. అమెరికన్ పిల్ల ఏడాది పాటు ఏదో స్వచ్ఛంద సంస్థలో చేసినా లెక్కే, మన పిల్ల మాత్రం తన మేజర్‌కి సంబంధించిన పనే చెయ్యాలి. ఓపీటీ (డిగ్రీ అయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకోనిచ్చే అనుమతి) మొదలయ్యాక ఉద్యోగం లేకుండా 90 రోజులకి మించి ఉండకూడదు.

మేం దెబ్బ తిన్నది ఇక్కడే. మా పిల్ల ఎకనామిక్స్ చేసింది, మార్కులు బ్రహ్మాండం. చివరి ఏడాది చూస్తే ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే ఫారం) మీద మేజర్ కోడ్ మామూలు ఎకనామిక్స్‌ది, 45.0601. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కాదు, ఓపీటీ 12 నెలలే. అదే ఎకనామెట్రిక్స్ కోడ్ 45.0603 అయ్యుంటే ఇంకో 24 నెలలు కలిసేవి (కంపెనీ ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ సిస్టంలో, ఉండాలనుకోండి). చాలా కాలేజీలు ఈమధ్య ఎకనామిక్స్‌ని ఆ కోడ్ కిందికి మార్చాయి, వీళ్ళది మార్చలేదు, అడిగితే అంతా డిపార్ట్‌మెంట్ ఇష్టమన్నారు. హెచ్1బీ లాటరీకి ఒక్క ఛాన్సే దొరికింది, తగల్లేదు. చివరికి స్టాటిస్టిక్స్‌లో ఎంఎస్ చేసింది, పై డిగ్రీకి ఓపీటీ మళ్ళీ కొత్తగా వస్తుంది కాబట్టి బయటపడింది. ప్రొఫెసర్లు రాసిన రికమెండేషన్లు మాత్రం మామూలుగా లేవు, పేరు పేరునా, ఏ రోజు ఏ ప్రశ్న అడిగిందో కూడా రాశారు, ఆ ఎంఎస్‌కి ఫీజు మాఫీ వచ్చింది వాటివల్లే అని నా నమ్మకం.

కాబట్టి మేజర్ డిక్లేర్ చేసే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్ళి కోడ్ ఎంతని అడగమనండి. పెద్ద టెక్ కంపెనీలు ఆ ఊరికి రావు, మనమే వేటాడాలి. మొదటి ఏడాదే కెరీర్ సెంటర్ గడప తొక్కి పూర్వ విద్యార్థుల లిస్టు తీసుకుని ఒక్కొక్కళ్ళకీ రాయాలి, చిన్న కాలేజీ వాళ్ళకి ఆ అభిమానం ఎక్కువ, పదిమందికి రాస్తే నలుగురైనా మాట్లాడతారు మా పిల్ల అనుభవంలో. లెక్కలంటే ఇష్టముంటే ఆక్చువరీ (ఇన్సూరెన్స్ రిస్కు లెక్కలు కట్టేవాళ్ళు) పరీక్షలు చదువుతూనే రాయొచ్చు, డెమోయిన్ నిండా ఇన్సూరెన్స్ కంపెనీలే, ప్రిన్సిపల్ అనే పెద్ద కంపెనీ హెడ్డాఫీసు ఇక్కడే. డాక్టర్ చెయ్యాలని ఉంటే మాత్రం ముందే మాట్లాడుకోండి, ఎఫ్-1 పిల్లల్ని తీసుకునే మెడికల్ కాలేజీలు ఇక్కడ చాలా తక్కువ.

మే 1 లోపు డిపాజిట్ కట్టాలి కదా, ఈ ప్రశ్నలన్నీ అంతకంటే ముందే పంపించండి, జవాబులొచ్చాక నాకూ చూపించండి. అన్నట్టు అమ్మాయి చేత రైస్ కుక్కర్ మోయించకండి, డార్మ్ (హాస్టల్) గదుల్లో చాలాచోట్ల ఒప్పుకోరు, మా పిల్లది రెండో వారమే పట్టుకుపోయారు. ఆ బరువుకి ఆవకాయ పెట్టండి.