గదిలో విన్న మాట, కూటంలో చదివిన పేరు

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర ఒక పల్లె. మా అయ్యగారు, అంటే నా భర్త, బాప్టిస్టు సంఘ కాపరి. నేను దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ చదివి, మందిరం వెనుక గదిలో సంఘ స్త్రీలకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. కాన్పయి ఏడు వారాలైన ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి, నిద్ర పట్టడం లేదనీ, బిడ్డ ఏడిస్తే ఎటైనా వెళ్ళిపోవాలనిపిస్తోందనీ చెప్పి, ఎవరికీ చెప్పవద్దని నా చేయి పట్టుకుంది. ఒంగోలులో మానసిక వైద్యుడు రాసిన మాత్రలను పది రోజులు వేసుకున్నాక, గుణం కనబడలేదని అత్తగారు మాన్పించి ఉపవాస ప్రార్థన పెట్టించారు. నేను మనసు పట్టలేక అయ్యగారితో చెప్పాను. ఆయన బుధవారం కూటంలో ప్రార్థన మనవులతో పాటు ఆమె పేరు కూడా చదివారు. మరునాడు నీళ్ళ ప్లాంటు దగ్గర క్యాన్లతో నిలబడ్డ ఆడవాళ్ళంతా ఆమెను పరామర్శించారట. అప్పటినుంచి ఆ అమ్మాయి మందిరానికి రావడం లేదు. అత్తగారేమో ‘మీతో ఇంకా ఏం చెప్పింది అమ్మగారూ’ అని అడుగుతున్నారు. ఇందులో నా తప్పెంత? ఇప్పుడేం చేయాలి?

జవాబు: తప్పొప్పుల సంగతి తరువాత చూద్దాం. ఈ ఉత్తరం అచ్చయ్యే దాకా ఆగకుండా, మీ చిరునామాకు విడిగా రాసి పంపిన మొదటి మాటనే ఇక్కడా రాస్తున్నాను. ‘ఎటైనా వెళ్ళిపోవాలనిపిస్తోంది’ అన్న మాటకు అర్థం మీరు ఊహించుకోకూడదు, ‘చనిపోవాలనిపిస్తోందా తల్లీ?’ అని సూటిగా ఆమెనే అడగాలి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అడిగేవారు లేకనే చాలామంది లోలోపల కుమిలిపోతుంటారు. అవునంటే, భర్తకు చెప్పక తప్పదని ముందు ఆ అమ్మాయికే చెప్పి, అదే రోజు అతనికి తెలియజేయండి. వాళ్ళది పొగాకు రైతు ఇల్లయితే వసారా మూలనో, పొగాకు ఆరబెట్టే బ్యారన్ పక్క కొట్టంలోనో పురుగుమందు డబ్బాలు ఉంటాయి కనుక, వాటిని ఆ ఇంటినుంచే తీయించండి. రాత్రివేళ దిక్కు తోచకపోతే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ గంటలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక మీ తప్పు. అది బుధవారం కూటంలో కాదు, అయ్యగారితో చెప్పిన రాత్రే జరిగింది. మీ భర్త అయినంత మాత్రాన ఆ గదిలో విన్న మాటలో ఆయనకు భాగం రాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ రోగి వివరాలను గోప్యంగా ఉంచే బాధ్యతను ఆరోగ్య వృత్తిలో ఉన్నవారిపై పెట్టింది. ప్రాణాపాయాన్ని తప్పించడం వంటి కొన్ని సందర్భాల్లో, అదీ అవసరమైనంత మేరకే, మినహాయింపు ఇచ్చింది. కౌన్సెలింగ్ అని పేరు పెట్టి గది తెరిచిన మీరు అంతకన్నా తక్కువ కొలతతో కొలుచుకోలేరు. మన సంఘాల్లో కొందరు దీన్ని కతోలికుల పాపసంకీర్తనంతో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడంతో) కలిపి, ఏం జరిగినా నోరు విప్పకూడదనుకుంటారు. గురువు విన్న పాపసంకీర్తనానికి మినహాయింపు లేని మాట నిజమే గాని, కౌన్సెలింగ్ గోప్యతకు ఎల్లలున్నాయి. ఆ ఎల్లలేమిటో ఆ అమ్మాయి నోరు తెరవకముందే మీరు చెప్పి ఉండవలసింది. ‘ఎవరికీ చెప్పను’ అని చేతిలో చేయి వేసి మాటివ్వడం, ఆ తరువాత ఇంట్లో చెప్పడం, రెండూ పొరపాట్లే.

పేరు చదవకపోతే సరిపోయేదని మీ అయ్యగారు అనవచ్చు. సరిపోదు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ప్రాంతం ఇది. ఏ సంఘంలో చూసినా వియ్యంకులో, మేనరికాలో, పాలివాళ్ళో కనిపిస్తారు. ‘ఈమధ్య బిడ్డను కన్న ఒక సహోదరి’ అంటే చాలు, ఇల్లు ఏదో అందరికీ తెలిసిపోతుంది. ఆమె అడిగితేనే, ఆమె ఒప్పుకున్న మాటలతోనే మనవి చేయాలి. కోలుకున్నాక సాక్ష్యం చెప్పమని వేదిక మీదకు పిలవడమూ ఇంతే. కాదనలేని మొహమాటంలో తలూపితే దాన్ని సమ్మతిగా లెక్కించకూడదు.

అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. మీరు ఆ ఇంట భోజనం చేస్తారు, ఆ అత్తగారు స్త్రీల సమాజంలో మీ పక్కన కూర్చుంటారు, వాళ్ళ కానుకతో మీ ఇల్లు నడుస్తుంది. కాపరి భార్యగా ఇవన్నీ సహజమే. కౌన్సెలర్‌గా మాత్రం ఇవి కాళ్ళకు బంధాలు. అందుకని ఈ అమ్మాయి విషయంలో కౌన్సెలర్ పని మీరు వదులుకోవాలని నా అభిప్రాయం. ఇంటికి వెళ్ళి, పేరు బయటపడినందుకు ఆమెతో ఒంటరిగా క్షమాపణ చెప్పండి. ఆమె ఇష్టపడితే అమ్మగారిగా తోడు వెళ్ళి అదే వైద్యుడికి మళ్ళీ చూపించండి.

మాత్రల గురించి ఒక్క మాట. దిగులు జబ్బుకు వాడే మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పదో రోజున తీర్పు చెప్పడం తొందరపాటు. చనుబాలిచ్చే తల్లికి ఏ మందు, ఎంత అన్నది వైద్యుడే నిర్ణయించాలి. మందు మింగితే విశ్వాసం తగ్గినట్టని అత్తగారు అంటే, మన జిల్లాలవాళ్ళు పెద్ద జబ్బులకు రైలెక్కి వెళ్ళే వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిని గుర్తుచేయండి. మిషనరీ స్థాపించిన ఆ సంస్థ 1957లో మానసిక వైద్య కేంద్రం తెరిచింది. అక్కడ మందులూ ఇస్తారు, ప్రార్థనా జరుగుతుంది, రోగితో పాటు ఇంటివాళ్ళను ఉంచుకుంటారు. అత్తగారి ప్రశ్నకు జవాబు: ‘అది మీ కోడలే చెప్పాలమ్మా. ఆమెకు రాత్రిపూట రెండు గంటలైనా నిద్ర దొరికేలా బిడ్డను మీరు ఎత్తుకోండి.’

ప్రశ్న: నేను కావలిలో ఉంటాను. ఆన్‌లైన్‌లో మూడు నెలల క్రైస్తవ కౌన్సెలింగ్ డిప్లొమా పూర్తిచేశాను. బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్టు అని రాయించుకోవచ్చా? అన్యమతస్థులు వస్తే ప్రార్థనతో మొదలుపెట్టవచ్చా?

జవాబు: రాయించుకోకూడదు. ఆ వృత్తి చేయాలంటే భారత పునరావాస మండలి (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్టరులో పేరు ఉండాలి. 1992 నాటి ఆ మండలి చట్టం ప్రకారం ఉల్లంఘనకు ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జరిమానా ఫ్లెక్సీ ఖర్చుకన్నా తక్కువేనని ధైర్యం చేయకండి. ఆ బోర్డు చూసి వచ్చినవారు తమ ప్రాణం మీ చేతిలో పెడతారు. ‘క్రైస్తవ విశ్వాసం ఆధారంగా సలహాలు’ అని రాయించండి, రుసుము ఉంటే అదీ రాయించండి. ప్రార్థన విషయంలో, వచ్చినవారు ఏ మతస్థులైనా ముందుగా అడగాలి. వద్దంటే ఇంకోసారి అడగకూడదు, సలహాలో తేడా చూపకూడదు. తన బాధ చెప్పుకుందామని వచ్చిన మనిషి కన్నీళ్ళు తుడుచుకుంటున్నప్పుడు మతం మార్చుకొమ్మని చెప్పడం ఆ మనిషి బలహీనతను వాడుకోవడమే. భ్రమలు, మూర్ఛలు, చావు ఆలోచనలు ఉన్నవారిని మీ దగ్గర ఉంచుకోకుండా నెల్లూరులో ఏ మానసిక వైద్యుడి దగ్గరకు పంపాలో, ఆయన ఏ రోజుల్లో చూస్తారో, మొదటి మనిషి రాకముందే కనుక్కుని గోడకు అంటించుకోండి.