పిల్లను ఎవరూ కొట్టకపోయినా అది హింస కిందికి వస్తుందా?

మీ పక్కింట్లో తల్లిదండ్రులు భవన నిర్మాణ పనులకు చెన్నై వలస వెళ్ళగా ఎనిమిదేళ్ళ పాప అమ్మమ్మ దగ్గర ఉంటోందని, ఆమెను ఎవరూ కొట్టడం గాని తిట్టడం గాని మీరు చూడలేదని, అయితే తరచూ బడి మానేసి తమ్ముణ్ణి చంకన వేసుకుని తిరుగుతోందని, చేతుల మీద పుళ్ళు నెలల తరబడి మానడం లేదని రాశారు. దీనిని పిల్లల మీద హింస అనవచ్చునా, ఎవరికైనా చెబితే ఆ ముసలమ్మను జైలులో పెడతారా అన్నవి మీ రెండు ప్రశ్నలు. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్ళలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇటువంటి పిల్లలు లేని తరగతి నాకు గుర్తు లేదు. మీరు చూస్తున్నది నిర్లక్ష్యం అయి ఉండవచ్చు, లేదా ఆ ముసలమ్మ నిస్సహాయత అయి ఉండవచ్చు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి గాని, ఒకదానికి ఫిర్యాదు కావాలి, రెండోదానికి సాయం కావాలి. ఏది ఏదో తేల్చుకోవాలంటే పిల్లలకు జరిగే కీడు ఎన్ని రూపాలలో ఉంటుందో ముందుగా తెలియాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని శారీరక హింస, మానసిక హింస, లైంగిక హింస, నిర్లక్ష్యం, దోపిడీ అని విడదీసి చెబుతుంది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలను అడిగి తెలుసుకున్నప్పుడు, ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనట్టు, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక హింసను ఎదుర్కొన్నట్టు తేలింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ 13 రాష్ట్రాలలో ఉన్నది. ‘మన ఊళ్ళో అలాంటివి ఉండవు’ అనే మాట ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఈ అంకెలు గుర్తుకు వస్తాయి.

శారీరక హింసను అందరూ గుర్తుపట్టగలమని అనుకుంటారు గాని, దెబ్బ తిన్న పిల్లవాణ్ణి అడిగితే ‘పడిపోయాను టీచర్’ అనే చెబుతాడు. ఆడుకుంటూ పడిన పిల్లలకు మోకాళ్ళు, మోచేతులు, ముంగాళ్ళు, నుదురు చెక్కుకుపోతాయి. వీపు, పిరుదులు, తొడల వెనుక భాగం, చెవులు, బుగ్గలు మామూలుగా పడినప్పుడు దెబ్బ తగిలే చోట్లు కావు. మూడో తరగతి చదివే ఒక పిల్లవాడు పుస్తకాల సంచి తీసుకోవడానికి వంగినప్పుడు చొక్కా పైకి జరిగి నడుము మీద కనిపించిన గుర్తులు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి. రెండు గీతలు పక్కపక్కనే సాగి చివర గుండ్రంగా కలిసిపోయి, మడిచి పట్టుకున్న కరెంటు వైరు ఆకారం చర్మం మీద అచ్చు గుద్దినట్టు దిగి ఉన్నది. దాని పక్కనే పసుపు రంగుకు తిరిగిన పాత కమిలిన మచ్చలు కూడా ఉన్నాయి. అంటే అది ఒక్కరోజు కోపం కాదు. పాతవి, కొత్తవి కలిసి కనిపించడం, వస్తువు ఆకారం తెలిసేలా గుర్తు పడడం, చెప్పే కారణానికీ గాయానికీ పొంతన లేకపోవడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఊరుకోకూడదు. రెండేళ్ళలోపు బిడ్డను ఏడుపు మాన్పడానికి గట్టిగా కుదిపితే పైకి ఏ గాయమూ కనిపించకుండానే మెదడులో రక్తస్రావం జరగవచ్చు. ఈ సంగతి మన పల్లెల్లో చాలామంది తల్లులకు ఎవరూ చెప్పలేదు. అల్లరి చేస్తే మిరపకాయల పొగ పెట్టడం, అట్లకాడ కాల్చి వాత పెట్టడం కూడా హింసే. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనే సామెతను అడ్డం పెట్టుకుని వీటిని క్రమశిక్షణగా చెప్పుకోవడం నేను ఏనాడూ ఒప్పుకోలేదు. బడిలో బెత్తం దెబ్బలను, గోడకుర్చీలను, పిల్లలను మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ స్పష్టంగా నిషేధించింది.

మానసిక హింసకు మచ్చ పడదు. ‘నువ్వు పుట్టిన వేళావిశేషమే ఈ ఇంటికి శని’, ‘తండ్రిని పొట్టన పెట్టుకుని పుట్టావు’, ‘చచ్చినా పీడా పోను’ వంటి మాటలు ఎప్పుడో ఒకసారి విసుగులో నోరు జారి వచ్చినవి కాక, రోజూ అన్నంతో పాటు వడ్డించేవి అయినప్పుడు, ఆ పిల్ల వాటిని నిజమనే నమ్ముతుంది. పిలిస్తే ఉలిక్కిపడడం, తప్పు చేయకపోయినా క్షమించమని అడగడం, పలక మీద రాసింది మనం చూడకముందే చేత్తో చెరిపివేయడం ఇటువంటి పిల్లల్లో నేను గమనించాను. తండ్రి తాగివచ్చి తల్లిని కొడుతుంటే మూలన నక్కి చూసే పిల్లలకు ఒంటి మీద దెబ్బ పడకపోయినా వారు కూడా ఆ హింసకు గురైనవారే.

లైంగిక హింస విషయంలో మూడు అపోహలు పోవాలి. అది ఆడపిల్లలకే జరుగుతుందన్నది మొదటిది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికి చేసిన 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ళలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వర్తిస్తుంది. శరీరాన్ని తాకితేనే నేరమన్నది రెండోది. పిల్లలకు అశ్లీల వీడియోలు చూపించడం, వారి ఫోటోలు అశ్లీలంగా తీయడం, ఫోన్‌లో అసభ్యంగా మాట్లాడడం కూడా నేరమే. చేసేవాడు ఎవరో పరాయివాడన్నది మూడోది. ఎక్కువ సందర్భాలలో అతడు ఇంటికి వచ్చిపోయేవాడు, పిల్లలు ‘మావయ్య’ అనో ‘తాతయ్య’ అనో పిలిచేవాడు. పక్క తడపడం మానేసిన పిల్ల మళ్ళీ మొదలుపెట్టడం, ఫలానా ఇంటికి వెళ్ళమంటే కారణం చెప్పకుండా మొండికేయడం, మూత్రం పోయేటప్పుడు మంట అనడం, ఎవరిచ్చారో చెప్పని డబ్బు చేతిలో ఉండడం వంటివి కనిపిస్తే పిల్లను దబాయించి అడగకూడదు. చెప్పినంత వినాలి, ‘నువ్వు చెప్పి మంచి పని చేశావు’ అనాలి, పదిమంది చేత పదిసార్లు చెప్పించకూడదు. ఇటువంటి వ్యవహారాన్ని పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టి, తప్పు కట్టించి, పరువు పోకుండా చూశామని చెప్పుకునే పద్ధతి కొన్ని ఊళ్ళలో ఇంకా ఉన్నది. అది పిల్లకు రెండోసారి చేసే అన్యాయం. ఈ నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలని పోక్సో 19వ సెక్షన్ చెబుతున్నది, దాచిపెడితే శిక్ష ఉన్నది. సద్భావంతో చెప్పినవారి మీద మాత్రం ఏ కేసూ ఉండదు. పిల్ల వాంగ్మూలాన్ని ఆమె ఇంటి దగ్గరనో, ఆమె కోరుకున్న చోటనో, వీలైనంత వరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వచ్చి నమోదు చేయాలి. పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. ఈ వివరాలు తెలిసిన తరువాత ధైర్యం చేసి ముందుకు వచ్చిన తల్లులను నేను ఎరుగుదును.

పని చేయించడం గురించి క్లుప్తంగానే చెబుతాను. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తరువాత 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు; బడి వేళలు కాని సమయంలో సొంత కుటుంబపు పనిలో చేయి సాయం చేయడానికి మాత్రం మినహాయింపు ఉన్నది. పలాస చుట్టుపక్కల జీడిపిక్కల పని తెలిసినవారికి ఆ పిక్క పెంకులోని నూనె చర్మాన్ని ఎలా కాలుస్తుందో కూడా తెలుసు. ఒక పిల్ల పెన్సిలు పట్టుకోలేక ఇబ్బంది పడుతుంటే చెయ్యి చూపించమన్నాను. బొటనవేలు, చూపుడువేలు కొసలు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉన్నది. అటువంటి చేతులను చూసి ‘తల్లికి సాయం చేస్తోంది, బుద్ధిమంతురాలు’ అని మెచ్చుకోవడం నాకు మనసొప్పదు.

ఇక మీ ప్రశ్నకు మూలమైన నిర్లక్ష్యం. పిల్లకు కావలసిన తిండి, బట్ట, వైద్యం, చదువు, కనిపెట్టుకుని ఉండే మనిషి, ఆప్యాయత, వీటిని ఇవ్వవలసినవారు ఇవ్వగలిగి ఉండి కూడా ఇవ్వకపోవడం నిర్లక్ష్యం. ‘ఇవ్వగలిగి ఉండి’ అన్న చోటే మన ప్రాంతంలో జాగ్రత్తగా ఆలోచించాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు తిరిగే తండ్రి, కూలికి పోయే తల్లి ఉన్న ఇంట్లో పదేళ్ళ పిల్లే వంట చేస్తుంది, చిన్నవాళ్ళకు స్నానాలు చేయిస్తుంది. వేటకు గుజరాత్ తీరానికి పోయిన మత్స్యకారుల ఇళ్ళలోనూ, హైదరాబాద్, చెన్నై పనులకు పోయిన కూలీల ఇళ్ళలోనూ ముసలివాళ్ళు, పిల్లలే మిగులుతారు. వారిని నిర్లక్ష్యం చేసినవారని ముద్ర వేయడం సరికాదు. పిల్లకు జరుగుతున్న నష్టం మాత్రం నిజమే, కనుక చూస్తూ ఊరుకోవడం కూడా సరికాదు.

నా తరగతిలో ఒక పిల్ల ఎప్పుడూ తల ఒక పక్కకు తిప్పి కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు, మొద్దు అని తోటిపిల్లలు పేరు పెట్టారు. దగ్గరికి వెళితే వాసన వచ్చేది. చెవిలో కుక్కిన దూది తీస్తే అది చీముతో పచ్చబడి ఉన్నది. ఆమె నానమ్మను పిలిపించి అడిగితే, వెల్లుల్లి వేసి కాచిన నూనె రోజూ పోస్తున్నానని, అంతకు మించి ఏం చేయాలో తెలియదని చెప్పింది. బడులకు వచ్చి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి చూపించాను. చెవి నుంచి చీము కారడం వారు చూసే జబ్బుల జాబితాలోనే ఉన్నది. ఏ ఆసుపత్రికి, ఏ రోజు వెళ్ళాలో కాగితం మీద రాసి ఇస్తే, ఆ ముసలావిడ పిల్లను వెంటబెట్టుకుని తప్పకుండా వెళ్ళింది, ఆ చెవి నయమైంది. మరో ఇంట్లో పరిస్థితి వేరు. అక్కడ డబ్బుకు లోటు లేదు, ఇంట్లో మిగతావారికి వైద్యం జరుగుతున్నది, సవతి కూతురికి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ‘దానికేం, గట్టి ప్రాణం’ అనే సమాధానమే వచ్చేది. అది నిర్లక్ష్యం. ఉన్నది పిల్ల దాకా చేరుతున్నదా, సాయం చేయి చాపితే ఆ ఇల్లు అందుకుంటున్నదా అన్న రెండు ప్రశ్నలతో ఈ తేడాను నేను తెలుసుకునేదాన్ని. పిల్లల సంరక్షణకు సంబంధించిన 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కూడా కావాలని చేసిన నిర్లక్ష్యాన్నే నేరంగా పరిగణిస్తుంది. చేతకాని ముసలమ్మను జైలులో పెట్టడానికి అది పెట్టిన సెక్షన్ కాదు.

కాబట్టి ముందు మీరు ఆ ఇంటికి వెళ్ళండి. ‘పిల్లను బడికి ఎందుకు పంపడం లేదు?’ అని నిలదీయకుండా, ‘బడికి పంపడానికి ఏం అడ్డు వస్తోంది పెద్దమ్మా?’ అని అడగండి. తమ్ముడికి మూడేళ్ళు నిండి ఉంటే అంగన్‌వాడీలో చేర్పించవచ్చు, అప్పుడు పాప చంక ఖాళీ అవుతుంది. మూడేళ్ళలోపువాడైతే పోషకాహార సరుకులు ఇంటికి ఇస్తారు, బరువు తూస్తారు, ఆ వంకతో అంగన్‌వాడీ కార్యకర్త ఆ ఇంటి మీద ఒక కన్ను వేసి ఉంచుతుంది. చేతుల మీది పుళ్ళు గజ్జి కావచ్చు, ఏఎన్ఎమ్‌కు గాని ఆశా కార్యకర్తకు గాని చూపించండి. గజ్జే అయితే ఇంట్లోవారందరూ ఒకేసారి మందు రాసుకోకపోతే మళ్ళీ వస్తుంది, నెలల తరబడి మానకపోవడానికి అదే కారణం అయి ఉండవచ్చు. పాప ఎన్ని రోజులు బడికి రాలేదో తరగతి టీచరుకు హాజరు పట్టీలో కనిపిస్తుంది, ఆమెతో మాట్లాడండి.

ఇంత చేసినా మార్పు లేకపోతే, లేదా పిల్లలు రాత్రిళ్ళు ఒంటరిగా ఉంటున్నారని, తిండి పెట్టకుండా మాడుస్తున్నారని, పెద్దల తోడు లేని ఇంటికి ఎవరో రాకపోకలు సాగిస్తున్నారని తెలిస్తే, ఇక ఆగవద్దు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, అది ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది. గ్రామ సచివాలయంలో గాని, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి గాని చెప్పినా సరే. విషయం ఇటువంటి పిల్లల రక్షణ గురించి నిర్ణయించే బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళుతుంది. పిల్లను హోమ్‌కు పంపడం చివరి మార్గంగా మాత్రమే ఉండాలని, కుటుంబంలోనే ఉంచే ప్రయత్నం ముందు జరగాలని చట్టమే ఆ కమిటీకి చెబుతున్నది. తల్లి వితంతువైనా, తల్లిదండ్రులు ప్రాణాంతకమైన జబ్బుతో ఉన్నా, పిల్లలు అనాథలై బంధువుల దగ్గర పెరుగుతున్నా, మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయానికి దరఖాస్తు చేయవచ్చు. మీ పక్కింటివారు ఆ అర్హతలోకి వస్తారో లేదో జిల్లా విభాగం వారే చెప్పగలరు.

ఫోన్ చేసే ముందు మీరు స్వయంగా చూసినవి ఒక వైపు, ఎవరో చెప్పగా విన్నవి మరో వైపు తేదీలతో రాసి పెట్టుకోండి. పాప ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది. అమ్మమ్మను అడిగి చెన్నైలో ఉన్న తల్లి నంబరు కూడా తీసుకోండి. పనివేళలు ముగిశాక సాయంత్రం ఫోన్ చేసి, నిందించకుండా, పుళ్ళ సంగతి, బడి సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వందల మైళ్ళ దూరంలో ఉన్న ఆమెకు ‘పిల్లలు బాగున్నారు’ అనే మాట తప్ప ఇంతవరకు ఎవరూ ఏమీ చెప్పి ఉండకపోవచ్చు.