సింక్ పెట్టాం కదా అని ఫోన్‌లో ఫొటోలు తీసేయవచ్చా?

అడిగిన ప్రశ్న: "ఫోన్‌లోని ఫొటోలు ల్యాప్‌టాప్‌కి సింక్ అయ్యేలా పెట్టాను. కొన్ని వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. ఫోన్ నిండిపోయింది. సింక్ ఉంది కాబట్టి ఫోన్‌లోవి తీసేయవచ్చా?"

తీసేయకండి. కొన్ని ఎందుకు రావడం లేదో తర్వాత చూద్దాం, ముందు ఆ డిలీట్ బటన్ మీద నుంచి వేలు తీయండి.

నేను నల్గొండలో చిన్న కంప్యూటర్ షాపు నడుపుతాను. సింక్ పెట్టుకున్న ప్రతివాళ్లూ బ్యాకప్ ఉందనే ధీమాతో తిరుగుతుంటారు. సింక్ చేసేది ఒక్కటే పని: ఇక్కడ ఎలా ఉంటే అక్కడా అలాగే ఉంచడం. ఇక్కడ ఫొటో పెడితే అక్కడా పెడుతుంది, ఇక్కడ తీసేస్తే అక్కడా తీసేస్తుంది. చెప్పిన పని బుద్ధిగా చేసినందుకు దాన్ని తిట్టి లాభం లేదు.

మా మేనమామకు దేవరకొండ వైపు బత్తాయి తోట ఉంది. కాయ కోసిన ప్రతిసారీ ధర్మకాంట దగ్గర ఇచ్చే చిట్టీని ఫొటో తీసి పెట్టుకుంటాడు. ఎందుకంటే ఆ చిట్టీలు థర్మల్ కాగితం మీద వస్తాయి. జేబులో ఎండకు, చెమటకు నాలుగు రోజులు నానితే తెల్లకాగితం అవుతాయి. లక్షల సరుకు తూచి, చెరిగిపోయే కాగితం చేతిలో పెట్టడం ఏం పద్ధతో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా బామ్మర్ది ఆ ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి వచ్చేలా సింక్‌థింగ్ పెట్టి ఇచ్చాడు. మంచి సాఫ్ట్‌వేర్, ఉచితం, ఫైళ్లు మధ్యలో ఎవరి క్లౌడ్‌లోనూ దాచదు.

ఒకరోజు మామ ఫోన్ చేశాడు.

"అల్లుడా, తోట లెక్క చూస్తనని సేటు రమ్మంటుండు. చిట్టీల ఫొటోలు ప్రింట్ తీయాలె. ల్యాప్‌టాప్ పట్టుకొని షాపుకు వస్తం."

"ఫోన్ల నుంచే పంపు మామా, ల్యాప్‌టాప్ ఎందుకు?"

"ఫోన్ల జాగ లేదని తీసేసిన. ల్యాప్‌టాప్‌ల ఉన్నయ్ కదా."

నాకు చెమటలు పట్టాయి. డిలీట్ కొట్టినవి చేరే ట్రాష్ కూడా ఖాళీ చేశావా అని అడిగితే, "చేసిన, అప్పుడు గాని జాగ రాలే" అన్నాడు. బామ్మర్దిని లైన్లోకి తీసుకుని అడిగితే తేలింది ఇది: మామ ఫొటోలు డిలీట్ కొట్టిన రాత్రి ల్యాప్‌టాప్ ఆన్‌లోనే ఉంది. ట్రాష్ ఖాళీ చేసింది తెల్లారి. అప్పటికి ల్యాప్‌టాప్ బంద్ చేశారు, మళ్లీ తెరవలేదు.

"తెరవకు. అట్లనే పట్టుకొని రా. మామ ఫోన్ స్విచాఫ్ చేసి తీసుకురా" అన్నాను. వాడికి నేను పిచ్చోడిలా కనిపించి ఉంటాను.

అసలు సంగతి ఏమిటంటే, ఆండ్రాయిడ్ 11 నుంచి చాలా ఫోన్లలో గ్యాలరీలో డిలీట్ కొట్టిన ఫొటో వెంటనే పోదు. అదే ఫోల్డర్‌లో పేరు మార్చుకుని దాక్కుంటుంది. పేరు ముందు చుక్క పెట్టి ట్రాష్డ్ అని, ఆ తర్వాత పెద్ద అంకె, ఆ తర్వాత పాత పేరు ఉంటాయి. ఆ అంకె ఫొటో గడువు తీరే సమయం. మామూలుగా 30 రోజులు. ఫోన్ ఆ ఫైలును మనకు చూపించదు, కానీ సింక్ సాఫ్ట్‌వేర్‌కు అది కూడా ఒక ఫైలే. పేరు మారిన ఫైలును ల్యాప్‌టాప్‌కు పంపుతుంది. ట్రాష్ ఖాళీ చేస్తే అప్పుడు అక్కడా తుడిచేస్తుంది. మా అదృష్టం ఏమిటంటే, ఈ రెండో కబురు ల్యాప్‌టాప్‌కు ఇంకా అందలేదు. నెట్ తగిలితే అందుతుంది. ఫోన్, ల్యాప్‌టాప్ ఒకే వైఫైలో ఉండాల్సిన పని కూడా లేదు, సింక్‌థింగ్ ఇంటర్నెట్ మీద నుంచి కూడా వెతుక్కుంటుంది.

షాపులో రౌటర్ ఆపేసి ల్యాప్‌టాప్ తెరిచాం. ముందు సింక్ సాఫ్ట్‌వేర్ మూసేశాం. కెమెరా ఫోల్డర్‌లో, పైవరుసలోనే, చుక్కతో మొదలయ్యే ఆ వంకర పేర్లన్నీ ఉన్నాయి. అన్నింటినీ బయట తగిలించే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, కాపీలకు పేరు ముందున్న తోక కోసేశాం. చిట్టీలన్నీ వచ్చాయి. మామ మాత్రం "ఉన్నయని నేను ముందే చెప్పిన కదా" అన్నాడు. సేటు తరుగు కింద ఎంత కోశాడు, లెక్క ఎట్లా తెగింది అన్నది ఇక్కడ రాస్తే ఇంకో జవాబంత అవుతుంది.

ఇప్పుడు మీ సంగతి. కొన్ని రావడం లేదంటే నూటికి తొంభై పాళ్లు ఫోన్ కంపెనీల అతి తెలివే కారణం. బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచే యాప్‌లను గొంతు నులిమి ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో మీ సింక్ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేయండి, ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చేయండి. రానివి వాట్సాప్ ఫొటోలైతే కారణం వేరు. అవి కెమెరా ఫోల్డర్‌లో ఉండవు. ఆండ్రాయిడ్ ఫోల్డర్ లోపల మీడియా అని ఒకటి ఉంటుంది, ఇప్పటి ఫోన్లలో అందులో వాట్సాప్ పేరుతో విడిగా ఉంటాయి. ఆ ఫోల్డర్‌ను మీరే చేర్చాలి. పేరులో కోలన్ (:) గుర్తు ఉన్న ఫైలును విండోస్ తీసుకోదు, అలాంటివి ఉంటే పేరు మార్చండి.

సింక్‌థింగ్ వాడుతున్నట్లయితే ల్యాప్‌టాప్ వైపు ఆ ఫోల్డర్‌కు ఫైల్ వెర్షనింగ్‌లో ట్రాష్ క్యాన్ పెట్టండి. ఫోన్‌లో తీసేసినవి అప్పుడు ల్యాప్‌టాప్‌లో ఒక మూలన ఉంటాయి. మామూలుగా ఇది ఆన్ అయి ఉండదు, అందుకే చెబుతున్నాను. ఇంకో మాట, దాని పాత ఆండ్రాయిడ్ యాప్‌ను 2024 చివరలో ఆపేశారు. సింక్‌థింగ్ ఫోర్క్ అని ఉన్నదాన్ని వాడండి.

గూగుల్ ఫొటోస్ చాలదా అని అడుగుతారు. 2021 జూన్ 1 నుంచి ఊరికే ఎంతైనా పెట్టుకునే రోజులు పోయాయి. ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్ కూడా పంచుకోవాలి. పైగా అందులోనూ డిలీట్ కొడితే క్లౌడ్‌లోదీ పోతుంది. ఫోన్‌లో కాపీ మాత్రమే తీసేయాలంటే "స్థలం ఖాళీ చేయి" అనే ఆప్షన్ విడిగా ఉంది, దాన్నే వాడాలి. ఇవన్నీ తెలిసి బటన్ నొక్కేవాళ్లు ఎంతమంది?

నా ఉద్దేశంలో మామూలు మనిషికి కేబుల్, హార్డ్ డిస్క్ చాలు. కేబుల్ అంటే డేటా వెళ్లే కేబుల్. బస్టాండ్ దగ్గర చవగ్గా దొరికేవాటిలో చాలావాటికి చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. అది పెట్టి "ల్యాప్‌టాప్ ఫోన్‌ను గుర్తించడం లేదు, పోర్ట్ పోయింది" అని నా దగ్గరికి వస్తారు. మంచి కేబుల్ పెట్టాక ఫోన్ తెర మీద ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి, లేకపోతే చార్జింగే అవుతుంది. వేల ఫొటోలు ఒక్కసారే లాగితే మధ్యలో ఆగుతుంది, ఏ నెలవి ఆ నెలవి విడగొట్టి తీయండి. పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం లేదంటే అది ఫ్యాట్ 32 అనే పాత ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది, 4 జీబీ ఫైలు అందులో పట్టదు. లోపలివి వేరేచోటికి తీసుకుని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి.

కాపీ అయ్యాక హార్డ్ డిస్క్ పీకేసి పక్కన పెట్టండి. మాది మామ ఇంట్లో ఉంటుంది, మామది మా ఇంట్లో. ఇక మీ ఫోన్ ఖాళీ చేసేటప్పుడు ముందు సింక్ ఆపండి. హార్డ్ డిస్క్‌లో ఫైళ్ల సంఖ్య ఫోన్‌తో సరిపోయిందో చూడండి, అక్కడో ఇక్కడో పది ఫొటోలు, పెద్ద వీడియో ఒకటి తెరిచి చూడండి. తర్వాత డిలీట్ చేయండి. ట్రాష్ మాత్రం వారం ఆగి ఖాళీ చేయండి.